రెండు నిమిషాల అబద్ధాలు

పిల్లలకి సినిమా తీయడం నేర్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి? పుస్తకాల ప్రకారమైతే కెమెరాతో మొదలెట్టాలి. లెన్సులు, లైటింగు, క్లోజప్, మిడ్ షాట్, లాంగ్ షాట్... ఇలా ఓ పాతిక పేర్లు బోర్డు మీద రాసి బట్టీ పట్టించాలి. మనకి సి లాంగ్వేజీ నేర్పినట్టే అన్నమాట. ప్రోగ్రామంటే ఏంటో తెలియకముందే కీవర్డులు 32 అని అప్పజెప్పించేశారు కదా :) ఆ పద్ధతి మీద నాకున్న కోపం ఇప్పటిది కాదు. అందుకని నేను ట్రైలర్‌తో మొదలెడతాను.

నేనేదో సినిమావాణ్ణని అనుకునేరు. వారానికి ఐదు రోజులు జావా రాసుకు బతికేవాణ్ణి. ఆదివారం పొద్దున ఓ రెండు గంటలు, మా ఇంటి దగ్గర్లో ఉన్న చిన్న లైబ్రరీ హాల్లో, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల్ని కూర్చోబెట్టుకుని సినిమాల గురించి మాట్లాడతాను. మొత్తం పద్నాలుగు మంది. ఐదు ఫోన్లు. వాటిలో రెండింటికి స్టోరేజి ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది, ఇంట్లోవాళ్ల గుడ్ మార్నింగ్ ఫొటోలతో. లైబ్రరీవాళ్లు ఇచ్చిన ప్రొజెక్టర్ ఒకటి, గోడ ఒకటి. ఇంతే సరంజామా.

ట్రైలరే ఎందుకంటే... మొదటి సంగతి, అది పూర్తవుతుంది. పదిహేనేళ్ల కుర్రాడికి "నీకు నచ్చిన కథ తియ్యరా" అంటే వాడు మూడు తరాల పగ, దాని మధ్యలో ఒక ప్రేమ, అమెరికాలో ఓ పాట రాసుకొస్తాడు. ఆరు నెలలైనా ఒక్క సీను తీయడు. రెండు నిమిషాల ముక్క అయితే రెండు ఆదివారాల్లో అయిపోతుంది. అయిపోయిన పని చేతిలో ఉంటే వచ్చే ధైర్యం వేరు. ఇంకో సంగతి, పిల్లలు ఇందులో ముందే ఆరితేరి ఉన్నారు. 2020లో టిక్‌టాక్ పోయినా రీల్స్ వచ్చాయి, షార్ట్స్ వచ్చాయి. సినిమాకి మూడు గంటలు కూర్చోలేనివాడు కూడా రోజుకి వంద ముక్కలు చూస్తున్నాడు. ఆ చూసినదాన్నే విప్పి చూపించడం తేలిక.

మన భాషలో చెప్పాలంటే, ట్రైలర్ అంటే క్లయింటుకిచ్చే డెమో. పనిచేసే బటన్లే నొక్కుతాం. పనిచేయని మెనూ దరిదాపులకి మౌస్ పోనివ్వం. డెమోలో ఎవరూ అబద్ధం చెప్పరు, తెరమీద కనిపించేవన్నీ నిజమే. కానీ అయ్యేసరికి క్లయింటు మనసులో తయారైన ప్రొడక్టు వేరు, మన దగ్గరున్నది వేరు. నిజమైన ముక్కల్ని ఏరి, వరస మార్చి, లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించే విద్య అది. సినిమాలో ఎడిటింగ్ అంటే సగం ఇదే. అందుకే ట్రైలర్‌ని అర్థం చేసుకున్న పిల్లాడికి ఎడిటింగ్ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదని నా నమ్మకం.

మొదటి ఆదివారం "ట్రైలర్ అంటే ఏంటి?" అని అడిగితే, వెనక బెంచీ నుంచి ఒకడు "ట్రాక్టర్ వెనకాల తగిలిస్తారే, అదన్నా" అన్నాడు. అందరూ నవ్వారు గానీ వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వెనకాల తగిలించేది కాబట్టే ఆ పేరు. అమెరికాలో 1913 ప్రాంతంలో ఈ ప్రకటన ముక్కలు మొదలైనప్పుడు వాటిని సినిమా అయ్యాక వేసేవాళ్లు. అయిపోగానే జనం లేచి వెళ్లిపోతుంటే చూసేవాళ్లెవరు? దాంతో అవి సినిమాకి ముందుకొచ్చాయి. పేరు మాత్రం వెనకాలే ఉండిపోయింది.

మేం చేసిన మొదటి పని, ఓ పెద్ద హీరోగారి ట్రైలర్ పెట్టి సౌండ్ తీసేయడం. "మీకు ఏం అర్థమైందో రాయండి, డైలాగులు గుర్తున్నా సరే రాయొద్దు" అన్నాను. ఓ అమ్మాయి రాసిన జాబితా ఇలా ఉంది: కోపం, పొగ, కారు, కోపం, వర్షం, హీరోయిన్, కోపం. అంతే. ఆ హీరో ఎవరో, ఎందుకంత కోపమో, ఎవరి మీదో సౌండ్ లేకపోతే ఒక్క ముక్క తెలియలేదు. హీరోగారి అభిమాని ఒకడు నొచ్చుకున్నాడనుకోండి. వాణ్ణి బుజ్జగించి, తర్వాత 1979లో వచ్చిన ఏలియన్ ట్రైలర్ వేశాను, దీనికి సౌండ్ ఉంచి. అందులో ఒక్క డైలాగు లేదు. ఓ గుడ్డు, దానికి పడే పగులు, పరిగెత్తే మనుషులు, సైరన్‌లా చెవుల్లో పొడిచే ఓ మోత. చివర్లో తెరమీద ఒక్క వాక్యం వస్తుంది, అంతరిక్షంలో నువ్వు అరిచినా ఎవరికీ వినపడదని. "ఇది ఏ భాష అన్నా?" అని అడిగాడు ఒకడు. అంతకంటే మంచి ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదు. ఈసారి జాబితాలు పొడుగ్గా వచ్చాయి. వాళ్లు ఇంటికి దూరంగా ఉన్నారు, సాయం రాదు, లోపలికి ఏదో వచ్చింది, ఎవరి భయం వాళ్లదే... పాతకాలపు ఇంగ్లీషు సినిమా ఒకటి రెండు నిమిషాల్లో, మాట లేకుండా, తెలుగు మీడియం పిల్లలకి ఇంత చెప్పింది.

దీన్నిబట్టి మన ట్రైలర్లు దండగ అని తేల్చేసేంత వీరావేశం నాకు లేదు. మన జనానికి మాట ఇష్టం. హరికథలు, పద్యనాటకాలు విని పెరిగిన జాతి. మాట బావుంటే ఈల వేస్తాం, అందులో తప్పేం లేదు. కానీ బొమ్మతో కథ చెప్పడం మనకి రాదనుకుంటే మాత్రం ఒప్పుకోను. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె గుర్తుంది కదా. మూత తీస్తే ఎవరి మనసులో ఎవరుంటే వాళ్లు కనిపిస్తారు. శశిరేఖ తీస్తే అభిమన్యుడు, బలరాముడు తీస్తే దుర్యోధనుడు, కృష్ణుడు తీస్తే శకుని. నలుగురు కూర్చుని అరగంట మాట్లాడుకున్నా తేలని సంగతులు ఓ పెట్టె మూతతో తేల్చేశారు కె.వి.రెడ్డి. ఈగ (2012) సంగతి తీసుకోండి. హీరో చచ్చి ఈగై పుట్టాక ఇక ఒక్క మాట మాట్లాడడు. కారు అద్దం మీద "ఐ విల్ కిల్ యూ" అని రాసేసరికి హాలంతా ఈలలు! సినిమాలో అతి పెద్ద పంచ్ డైలాగు మాట్లాడింది నోరు లేని పురుగు.

రెండో ఆదివారం కులెషోవ్ దగ్గరికెళ్లాం. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ని, మూడు వేరే షాట్ల పక్కన అతికించాడని చెప్తారు. ఒకచోట సూపు గిన్నె, ఒకచోట శవపేటిక, ఒకచోట అమ్మాయి. చూసినవాళ్లు అతని ఆకలిని, దుఃఖాన్ని, కోరికని భలే నటించాడని మెచ్చుకున్నారట. ఇది చెప్తే పిల్లలు నమ్మలేదు. అన్నట్టు, నమ్మకపోవడమే మంచిది. చేసి చూడాలి.

ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాణ్ణి ఒకణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పది సెకన్లు గోడ వైపు చూడమన్నాం. ఆ ముఖం పక్కన మిరపకాయ బజ్జీల ప్లేటు, హాల్ టికెట్, గుమ్మం ముందు ఓ జత చెప్పులు, ఇలా మూడు తీసి అతికించాం. బజ్జీలకి "ఆకలి" అన్నారు, హాల్ టికెట్‌కి "చదవలేదు" అన్నారు. చెప్పుల దగ్గర మాత్రం హాలు నిశ్శబ్దమైపోయింది. "ఎవరో పోయారన్నా" అంది ఒకమ్మాయి. ఇంకొకడు "ఒక్క జతే ఉంది కాబట్టి అలా అనిపిస్తోంది, పది జతలుంటే చుట్టాలొచ్చారనుకుంటాం" అన్నాడు. వెంటనే ఇంకొకరు "పది జతలున్నా పోయినట్టే ఉండొచ్చుగా, మా ఇంట్లో అలాగే ఉన్నాయి" అన్నారు. చెప్పుల మీద ఇరవై నిమిషాలు చర్చ నడిచింది. ఇంత లోతైన డిజైన్ రివ్యూ మా ఆఫీసులో నేనెప్పుడూ చూడలేదు :) ఆఖర్న ఆ కుర్రాణ్ణి "అప్పుడు నువ్వేం ఆలోచిస్తున్నావురా?" అని అడిగితే, "కరెంటు ఎప్పుడొస్తుందా అని అన్నా" అన్నాడు.

ఇక అసలు వ్యాయామం, ఉన్న సినిమాని తిరగేసి ట్రైలర్ కట్ చేయడం. దీనికి నాకు దారి చూపించింది రాబర్ట్ రియాంగ్ అనే ఎడిటర్. 2005లో న్యూయార్కులో సహాయ ఎడిటర్‌గా ఉన్నప్పుడు ఎడిటర్ల సంఘం ఒకటి పోటీ పెట్టింది, ఏదైనా సినిమాకి దాని స్వభావానికి వ్యతిరేకంగా ట్రైలర్ చేయమని. ఆయన కుబ్రిక్ తీసిన ది షైనింగ్ (1980) తీసుకున్నాడు. గొడ్డలి పట్టుకుని పెళ్లాంబిడ్డల వెంటపడే తండ్రి కథ అది. దాన్ని కథ దొరక్క తంటాలు పడే రచయితకీ నాన్న కోసం ఎదురుచూసే పిల్లాడికీ మధ్య అనుబంధంగా మార్చేశాడు. హాయిగా ఉండే వ్యాఖ్యానం, వెనకాల పీటర్ గేబ్రియల్ పాట. గెలిచాడు కూడా. అందులో సినిమాలో లేని బొమ్మ ఒక్కటీ కలపలేదు. ఆ మరుసటేడే ఇంకొకాయన మేరీ పాపిన్స్‌ని దెయ్యం సినిమాలా కట్ చేశాడు.

మేం మాయాబజార్ (1957) తీసుకున్నాం. దీనికో కారణం ఉంది. మన దేశంలో సినిమా మీద కాపీహక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి లెక్కేస్తే 60 ఏళ్లు. ఆ లెక్కన నలుపు తెలుపు మాయాబజార్ హక్కు 2017 చివరితో తీరిపోయింది. రంగులేసి 2010లో విడుదల చేసినదాని జోలికి పోలేదు. పాటల సాహిత్యం, సంగీతం లెక్క కూడా వేరు, రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్లు. అందుకని సౌండ్ మొత్తం తీసేసి బొమ్మనే వాడుకున్నాం. లైసెన్సు ఫైలు చదవకుండా లైబ్రరీ దిగుమతి చేసుకోవద్దని పిల్లలకి ఇప్పట్నుంచే అలవాటు చేయడం మంచిదే కదా.

దాన్ని దెయ్యం సినిమాగా మార్చమన్నాను. అందరూ ఘటోత్కచుడి వైపు పరిగెత్తారు. ఎస్వీ రంగారావు గద, మీసం, ఆ భోజనం సీను... పాట తీసేస్తే, ఎవరూ లేని గదిలో ఒక రాక్షసుడు లడ్డూల్ని గాల్లోంచి నోట్లోకి లాక్కోవడం నిజంగానే కాస్త భయంగా ఉంటుంది, చూడండి. కానీ ముగ్గురమ్మాయిల జట్టు ఒకటి ఘటోత్కచుణ్ణి అసలు ముట్టుకోలేదు. వాళ్లు సావిత్రిని పట్టుకున్నారు. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా వచ్చాక సావిత్రి ఉన్నట్టుండి మగరాయుడిలా కళ్లెగరేయడం, మళ్లీ సిగ్గుపడటం, పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుణ్ణి హడలగొట్టడం. మనం డెబ్భై ఏళ్లుగా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్న సీన్లవి. మాట తీసేసి, పెళ్లి ఏర్పాట్ల షాట్ల మధ్యలో ఆ చూపుల్ని ఒక్కొక్కటే పెట్టి, వెనకాల స్టీలు గిన్నె మీద చెంచా రాసిన చప్పుడు రికార్డు చేసి కలిపారు. పెళ్లికూతురికి ఏదో పట్టింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. చంద్రముఖి చూసిన పిల్లలు కదా! ఒక నిమిషం పది సెకన్లు. నాకు వెన్ను జలదరించింది. సావిత్రి ఎంత గొప్ప నటో ఎన్ని వ్యాసాలు చదివానో గానీ, ఆ ముఖంలో ఒక్క క్షణంలో మనిషి మారిపోవడం అంత స్పష్టంగా అప్పుడే చూశాను. రేలంగి రియాక్షన్లయితే చెప్పక్కర్లేదు, అవి ఏ జాతి సినిమాలో పెట్టినా అతికిపోతాయి.

ఇంతవరకూ అంతా బానే ఉంది. పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు, నేనూ గంతేస్తున్నాను. కానీ ట్రైలర్‌తో పాఠం చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నా గొడవంతా అక్కడే.

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఒక షార్ట్ ఫిల్మ్ బ్యాచ్ ఉండేది. వాళ్ల వరస ఎలా ఉండేదంటే... ముందు టైటిల్ పోస్టర్, దానికో తేదీ ప్రకటన. ఆ తర్వాత గ్లింప్స్, దాని తర్వాత టీజర్. టీజర్‌కి వచ్చిన స్పందనకి కృతజ్ఞతలు చెప్తూ ఇంకో పోస్టర్. సినిమా మాత్రం రాలేదు. నాలుగేళ్లలో ఆరు టీజర్లు చూశాను వాళ్లవి, ఒక్క సినిమా చూడలేదు. వాళ్లలో తెలివికి కొదవ లేదు. ట్రైలర్ ఒక ప్రశ్న వేసి వదిలేస్తుంది. జవాబు చెప్పే బాధ్యత దానికి లేదు. ప్రశ్న వేయడం సరదా, జవాబు రాయడం కష్టం. ఆరు సంచికల సస్పెన్స్ సీరియల్ మొదలుపెట్టి మూడో సంచికలో మాయమైపోయే రచయితల్ని మనం చూడలేదా ఏంటి. ట్రైలర్ దగ్గరే ఆగిపోయిన పిల్లాడికి ఊరించడం వస్తుంది, వడ్డించడం రాదు.

ఇంకోటి, దీనికంటే పెద్దది. మాయాబజార్‌ని తిరగేస్తే ఎవరికీ నష్టం లేదు. మనిషిని తిరగేస్తే?

నాలుగో ఆదివారానికి ఇచ్చిన పని ఇది. మీ ఇంట్లో ఒక రోజు తీసుకురండి. ఇరవై షాట్లకి మించొద్దు, ఏ షాటూ పది సెకన్లు దాటొద్దు, ఎవరిచేతా నటింపజేయొద్దు, తీసే ముందు వాళ్లని అడగండి. ఆ ఇరవై షాట్లతోనే రెండు ట్రైలర్లు చేయండి, ఒకటి భయపెట్టేది, ఒకటి నవ్వించేది. వంటింటి కుక్కర్ల మీద భయం ట్రైలర్లు మూడొచ్చాయి (ఆవిరి, విజిల్, అమ్మ వెనక్కి తిరగడం). బానే ఉన్నాయి.

పదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ల తాతయ్యని తీసింది. రాత్రిపూట. టార్చిలైటు పట్టుకుని నడిచే ముసలాయన. గేటు తాళం పట్టుకుని లాగి చూసే చెయ్యి. కిటికీ ఊచల వెనక ఆయన ముఖం. చెప్పుల చప్పుడు. మళ్లీ గేటు దగ్గర. భయం ట్రైలర్‌కి హాల్లో ఇద్దరు నిజంగానే కెవ్వుమన్నారు. తర్వాత నవ్వించేది వేసింది. అవే షాట్లు, వేగం పెంచి, గేటుకీ కుర్చీకీ మధ్య గిర్రున తిరిగే తాతయ్య. పడీ పడీ నవ్వారు. ఆ ఆదివారం అన్నిటికంటే బాగా చేసిన పని అదే, అందులో సందేహం లేదు. చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు. "రెండూ ఆయన కాదన్నా" అంది.

"చెప్పమ్మా" అన్నాను.

"తాళం వేశాడో లేదో ఆయనకి గుర్తుండదు. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తాడు. ఈ రెండూ ఆయనకి చూపించలేను."

హాలు చల్లబడింది. ఓ కుర్రాడు "అబద్ధం ఏముంది, ఆయన చేసిందేగా నువ్వు తీసింది?" అన్నాడు, వాడు అన్నది దురుసుగా కాదు, నిజంగానే అడిగాడు. సరిగ్గా డెమో ప్రశ్న అది. తెరమీద కనిపించినవన్నీ నిజమే. ఆయన్ని అడిగే తీసింది, ఆయన ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆయన ఒప్పుకున్నది కెమెరాకి, కత్తెరకి కాదు. ఒక మనిషి ఫలానా పని ఎందుకు చేస్తున్నాడో కత్తిరించి పారేశాక మిగిలేది భయమో నవ్వో, ఏదైనా కావొచ్చు. ఇది సినిమాలకే పరిమితమైతే నేనింత పట్టించుకోను. రోజూ మన ఫోన్లకి వచ్చే పదిహేను సెకన్ల వీడియోల్లో ఎవరో ఒకరు అరుస్తూ, తిడుతూ, కొడుతూ ఉంటారు. ముందేం జరిగిందో ఉండదు, తర్వాతేం జరిగిందో ఉండదు. మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వాచ్‌మన్ల మీద, డెలివరీ కుర్రాళ్ల మీద వచ్చేవి చూస్తూనే ఉన్నాం కదా. అవి కట్ చేసింది ఎవరో ఎడిటింగ్ వచ్చినవాళ్లే. ఆ విద్యనే నేను ఆదివారాలు ఉచితంగా నేర్పుతున్నాను. కాబట్టి ఐదో ఆదివారం లేకుండా నాలుగో ఆదివారం పాఠం చెప్పకూడదని నా అభిప్రాయం.

ఐదో ఆదివారం కట్ లేని రోజు. పోగ్రాం ముందే అలా వేసుకున్నాను గానీ, తాతయ్య వల్ల దానికి బలం వచ్చింది. ఆ రోజు రెండు చిన్న సినిమాలు, ఒక పెద్ద సినిమాలోంచి ఒక సీను చూశాం.

సత్యజిత్ రాయ్ తీసిన టూ (1964) మొదటిది. పన్నెండు పదమూడు నిమిషాలుంటుంది, మాటల్లేవు. మేడ మీద డబ్బున్న పిల్లాడు, కింద గుడిసె పిల్లాడు, కిటికీ గుండా ఇద్దరి మధ్య బొమ్మల పోటీ. కింద వాడు గాలిపటం ఎగరేస్తే పైవాడు ఎయిర్‌గన్‌తో కొడతాడు. ఈ ముక్క వరకూ ఎవరైనా ట్రైలర్ కట్ చేయొచ్చు. కానీ రాయ్ అక్కడ ఆపడు. ఆ తర్వాత డబ్బున్న పిల్లాడు తన గదిలో, తన బొమ్మల మధ్యలో కూర్చుని, కింద నుంచి వినిపించే పిల్లనగ్రోవిని వింటాడు. గెలిచినవాడి ముఖం మీద అంతసేపు కెమెరా ఉంచడం ట్రైలర్‌కి చేతకాదు.

రెండోది కియరొస్తామీ మొదటి సినిమా, బ్రెడ్ అండ్ ఆలీ (1970). పది నిమిషాలు. ఇంటికి రొట్టె తీసుకెళ్తున్న పిల్లాడు, సందులో కుక్క. అంతే కథ. వాడు ఆగుతాడు. చాలాసేపు ఆగుతాడు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే వాళ్ల వెనక దాక్కుని పోదామని ఎదురుచూస్తాడు. మా పిల్లలు మొదట కుర్చీల్లో మెసిలారు, ఆవలించారు. మెల్లగా మాట్లాడటం మానేశారు. కుక్క భయం తెలియని పిల్లలు మన ఊళ్లలో ఎవరున్నారు!

మూడోది మన సింగీతంగారి పుష్పక విమానం (1987). నిరుద్యోగి కమల్ హాసన్ పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటాడు, నిద్ర రాదు. అతని పాత గది సినిమా హాలు పక్కన. ఆ రణగొణ ధ్వని లేకపోతే నిద్ర పట్టని ప్రాణం. వెళ్లి ఆ చప్పుడు టేపులో రికార్డు చేసుకొచ్చి, పెట్టుకుని పడుకుంటాడు. దీన్ని ట్రైలర్‌లో పెడితే మంచి నవ్వు వస్తుంది. సినిమాలో పెడితే నవ్వుతో పాటు ఇంకోటి వస్తుంది, ఎందుకంటే అంతకుముందు ఆ గదిలో అతని జీవితం మనం చూసి ఉన్నాం. అదే షాటు, బరువు వేరు.

అవన్నీ అయ్యాక ఆ అమ్మాయి ఫోను తీసి "నేను ఇంకోటి తెచ్చానన్నా" అంది. ఒకే షాట్. ఒక నిమిషం నలభై సెకన్లు. ఇంటి గుమ్మం లోపల స్టూలు మీద ఫోను పెట్టేసి తీసింది. పది సెకన్ల నియమం ట్రైలర్‌కే గనక ఇక్కడ అడ్డం లేదు. తాతయ్య కుర్చీలోంచి లేచి గేటు దాకా వెళ్తాడు. తాళం లాగి చూస్తాడు. తిరిగొచ్చి కూర్చుంటాడు. టార్చి ఆర్పుతాడు. కాసేపు ఏమీ జరగదు. వీధిలో బండి ఏదో పోతుంది. ఆయన గేటు వైపు చూస్తాడు. తన చేతిలో టార్చి వైపు చూస్తాడు. మళ్లీ లేస్తాడు.

ఎవరూ కెవ్వుమనలేదు, ఎవరూ నవ్వలేదు. అలాగని అందరికీ నచ్చేసిందని చెప్పను. మొదటిసారి వేసినప్పుడు సగం మంది ఎప్పుడైపోతుందా అని చూశారు. కులెషోవ్ ముఖం కుర్రాడైతే "మధ్యలో ఏమీ జరగనిది కోసేయొచ్చుగా, ముప్ఫై సెకన్లు తగ్గుతుంది" అన్నాడు. ఆ అమ్మాయి కోయనంది. వాడు కోయాలన్నాడు. తరగతి రెండుగా చీలిపోయింది. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఫైలు వాడికి ఇవ్వమన్నాను, ఆమె ఒప్పుకున్నాకే. కోసి తెచ్చి చూపించరా అన్నాను.

వాడు తర్వాతి ఆదివారం మూడు రకాలుగా కోసి తెచ్చాడు. ఒకదాంట్లో కూర్చున్నాక వెంటనే లేవడం. ఒకదాంట్లో బండి చప్పుడు దగ్గర కట్. ఒకదాంట్లో మసకబారి తేరుకోవడం. మూడూ వేశాం. వాడే ముందు లేచి చెప్పాడు, "ఎక్కడ కోసినా మధ్యలో చాలాసేపు గడిచిపోయినట్టు అనిపిస్తోందన్నా. ఇంకో గంటకో, ఇంకో రోజుకో లేచినట్టు. ఇప్పుడే చూసొచ్చి మర్చిపోయినట్టు రావట్లేదు."

మసకబారే కట్ మీద ఇంకా వాదన మిగిలే ఉంది. ఆ అమ్మాయి స్నేహితురాలు అదే బావుందంటోంది. ఈ ఆదివారం సౌండ్ మొదలెట్టాలి. ఫోనుకి పెట్టే చిన్న మైకు ఒకటి కొన్నాను, వీధి కుక్కల అరుపులు తప్ప ఇంకేమీ సరిగ్గా పట్టట్లేదు అది.